టర్కీ కూర కాదు, అన్నం

ఉత్త అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "తెలుగువాళ్ళ భోజనం ఇంత చప్పగా ఉంటుందా" అని ఎవరైనా తీర్పు చెప్తే నవ్వుకుంటాం. పప్పు కలపలేదు, పచ్చడి తగిలించలేదు, నెయ్యి చుక్క పడలేదు, ఇంక రుచి ఎక్కణ్ణుంచి వస్తుంది? నవంబరు నాలుగో గురువారం, అమెరికా థాంక్స్‌గివింగ్ పండగ నాడు, టర్కీకోడి విషయంలో అక్కడి మనవాళ్ళు చేసే పని సరిగ్గా ఇదే. బల్ల మీద కోసిపెట్టిన తెల్లటి ముక్క ఒకటి తీసుకుని, కోడికూరలో ముక్కలా విడిగా నమిలి, "ఉప్పు లేదు, కారం లేదు, పీచు" అని పక్కన పెట్టేస్తారు.

అందులో పీచు అన్నమాట నిజం. అది వండినవాళ్ళ తప్పు, ఎక్కడ జరుగుతుందో కింద వివరంగా చెప్తాను. చప్పదనం మాత్రం తినేవాళ్ళ పొరపాటు. థాంక్స్‌గివింగ్ పళ్ళెంలో టర్కీది కూర స్థానం కాదు, అన్నం స్థానం. మిగతావన్నీ దాంట్లో కలుపుకోడానికి ఉన్నాయి.

వడ్డన చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి వచ్చే యూరప్ పద్ధతి కాదు, అన్నీ ఒకేసారి ఒకే పళ్ళెంలోకి. మెదిపిన బంగాళాదుంప ఒక కుప్ప వేసుకుని, గరిటె వెనకవైపుతో దాని నడుమ గుంట నొక్కి, ఆ గుంటలో గ్రేవీ పోసుకుంటారు. అన్నంలో గుంట చేసి సాంబారు పోయించుకునే చేతికి ఇది కొత్తగా నేర్పాల్సిన పని కాదు. గ్రేవీ పులుసు. క్రాన్‌బెర్రీ సాస్ పుల్లటి పచ్చడి, వేలికొసంత తగిలిస్తే చాలు. క్యాసరోల్ అనే, అవెన్‌లో కాల్చే చిక్కుడు వంటకం మీద జల్లే కరకరలాడే వేయించిన ఉల్లిపాయలు అప్పడాల బదులు. మాంసం పక్కనే తియ్యటి చిలగడదుంప ఏమిటని ముక్కు విరిచేవాళ్ళు, పెళ్ళి విస్తట్లో పప్పు పక్కనే బూరె ఎందుకుంటుందో ఒకసారి ఆలోచించాలి. ఫోర్కుకి ఒక టర్కీ ముక్క, దాని మీద గ్రేవీ తగిలిన దుంప, ఒక క్రాన్‌బెర్రీ గింజ: మూడూ కలిసి నోట్లోకి వెళ్తేనే ఆ వంట పూర్తవుతుంది. దేనికది తింటే ఏదీ బాగుండదు, ఆ మాట ఒప్పుకోవలసిందే.

ఇదంతా నాలుగొందల ఏళ్ళ సంప్రదాయం అని అమెరికన్లు చెప్పుకుంటారు. లెక్క చూస్తే అంత లేదు. 1621లో ప్లిమత్‌లో ఇంగ్లీషు వలసదారులు, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ తెగవాళ్ళు కలిసి మూడు రోజులు తిన్న విందు గురించి ఆ వలసదారుల్లో ఒకడైన ఎడ్వర్డ్ విన్స్లో రాసిన ఉత్తరంలో ఉన్నవి వేటాడిన పక్షులు, వాంపనోగ్‌లు తెచ్చిన ఐదు జింకలు. టర్కీ పేరు విడిగా లేదు. బంగాళాదుంప అప్పటికి అక్కడికి చేరలేదు. పంచదార వేసిన క్రాన్‌బెర్రీ లేదు, గోధుమపిండి డొప్పలో తీపి నింపి కాల్చే పై అనే వంటకం లేదు. ఏటా జరిగే జాతీయ పండగగా ఇది నిలబడింది 1863లో లింకన్ ప్రకటనతో. దానికోసం సారా జోసెఫా హేల్ అనే పత్రికా సంపాదకురాలు ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. నాలుగో గురువారం అని చట్టం ఖాయం చేసింది 1941లో. వాంపనోగ్‌ల వారసులకి ఆ గురువారం పండగ కాదు. 1970 నుంచి వాళ్ళూ వాళ్ళతో కలిసొచ్చేవాళ్ళూ ప్లిమత్‌లో దాన్ని సంతాప దినంగా పాటిస్తున్నారు.

ఇక పళ్ళెంలోని వంటల వయసు. చిలగడదుంప మీద మార్ష్‌మెలో అనే దూదిలాంటి పంచదార మిఠాయి పరిచే పద్ధతి 1917లో ఒక మార్ష్‌మెలో కంపెనీ అచ్చు వేయించిన వంటల పుస్తకంలోంచి వచ్చింది. గుమ్మడి పై కొలతలు లిబ్బీస్ కంపెనీ గుమ్మడి గుజ్జు డబ్బా మీద 1950 నుంచి అచ్చవుతున్నాయి. చిక్కుడు క్యాసరోల్‌ని 1955లో క్యాంప్‌బెల్ సూపు కంపెనీ వంటగదిలో డోర్కస్ రైలీ తయారుచేసింది, పుట్టగొడుగుల సూపు డబ్బాలు అమ్ముడుపోవడానికి. అంటే ఈ సంప్రదాయంలో సగం డబ్బా వెనక చీటీ.

బయటివాళ్ళు ఎక్కువగా వెక్కిరించేది ఇక్కడే. నాకు మాత్రం ఇందులో నవ్వడానికేమీ కనిపించదు. మిరపకాయ మన దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్ళు వచ్చాకే. దానికి ముందు కారమంటే మిరియమే. ఎండుమిరపకాయ తాలింపు, వేరుసెనగపప్పు, జీడిపప్పు లేని పులిహోరని ఊహించుకోలేం కదా, ఆ మూడూ అమెరికా ఖండాల నుంచి దిగుమతైన సరుకే. సంక్రాంతికి ఉడకబెట్టే చిలగడదుంప, ముక్కల పులుసులో వేసే తీపి గుమ్మడి, అవీ అక్కణ్ణుంచే వచ్చాయి. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి మాత్రం ఆసియాది. సరుకు ఎప్పుడొచ్చిందనేది కాదు, మూడు తరాలు అదే రోజున అదే వంట చేశాయా అన్నదే పండగ వంటకి కొలత. ఆ కొలతకి సూపు డబ్బా క్యాసరోల్ కూడా నిలుస్తుంది.

టర్కీ పేరుదీ వింత కథే. మెక్సికోలో మచ్చికైన పక్షిని స్పెయిన్‌వాళ్ళు యూరప్‌కి తీసుకుపోతే, ఇంగ్లీషువాళ్ళు దానికి టర్కీ దేశం పేరు తగిలించారు. టర్కీ దేశంవాళ్ళు దాన్ని హిందీ అంటారు, అంటే ఇండియాది అని. ఫ్రెంచివాళ్ళ దాంద్ అన్నా అర్థం అదే. డచ్చివాళ్ళ కల్కూన్‌లో మన కాలికట్ ఉంది. నిజానికి ఇండియాకి అది ప్లిమత్ విందుకన్నా ముందే చేరింది. 1612లో మొగలు అధికారి ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి ఒక టర్కీ పుంజుని జహంగీర్ దర్బారుకి తెచ్చాడు. దాని తల, మెడ ఊసరవెల్లిలా రంగులు మారుతున్నాయని చక్రవర్తి స్వయంగా రాసుకున్నాడు, దర్బారు చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. తినమని మాత్రం ఎవరికీ వడ్డించినట్టు లేదు.

అమెరికా బయట ఈ పండగ ఎక్కడికి వెళ్ళినా పళ్ళెం మారింది, లెక్క మారలేదు. కెనడాలో అక్టోబరు రెండో సోమవారం, దాదాపు ఇవే వంటలు. లైబీరియాలో నవంబరు మొదటి గురువారం. అమెరికా నుంచి వెళ్ళి స్థిరపడిన నల్లజాతివాళ్ళతో పాటు వెళ్ళింది, అక్కడ కర్రపెండలం, ఘాటైన మిరప కలిశాయి. పసిఫిక్‌లో నార్‌ఫోక్ దీవిలో నవంబరు చివరి బుధవారం, తిమింగలాల వేటకి వచ్చిన అమెరికన్ల ప్రభావం. ఆ దీవి వంటల్లో పచ్చి అరటికాయ ఉండలని ముద్ద అంటారట, మనకి తెలియని మాట కాదు.

ఇక పక్షి దగ్గరికి వద్దాం. పీచుకి కారణం ఒక్కటే. రొమ్ము మాంసం 65–70 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మెత్తగా, తడిగా ఉంటుంది. 74 దాటిందంటే నీరు వదిలేసి బిగుసుకుపోతుంది. తొడ మాంసంలో కండరాల మధ్య కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువ, అది కరగాలంటే 80 డిగ్రీలు కావాలి. ఒకే పక్షిలో రెండు రకాల మాంసం, రెండు రకాల వేడి. పక్షిని ముడిచి, కాళ్ళు కట్టి, మొత్తంగా అవెన్‌లో పెడితే రొమ్ము పైకి తేలి వేడికి ఎదురుగా ఉంటుంది, తొడలు కింద దాక్కుంటాయి. తొడ ఉడికేసరికి రొమ్ము 85కి చేరుతుంది. మూడు నాలుగు గంటలు అవెన్ ముందు కూర్చున్న ఫలితం అది.

మరి ఎందుకలా పెడతారంటే, పటం కోసం. 1943లో పత్రికలో అచ్చయిన, అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ వేసిన బొమ్మ ఒకటుంది: తెల్లటి దుప్పటి పరిచిన బల్ల, పెద్దావిడ చేతుల్లో పెద్ద పళ్ళెం, అందులో ముక్కలవని బంగారు రంగు టర్కీ. అమెరికా మనసులో పండగ అంటే ఆ బొమ్మే. ఫొటో కోసం ఒక్క నిమిషం బల్ల మీద నిలబడే పక్షి కోసం భోజనమంతా పాడుచేసుకుంటున్నారని నా ఫిర్యాదు.

దీనికి మందు, వెన్నెముక తీసేసి పక్షిని పుస్తకంలా పరిచెయ్యడం. పని ఆదివారం మొదలవుతుంది. ఎనిమిది పదిమందికి ఆరు కిలోల పక్షి సరిపోతుంది, ఎముకలతో కలిపి మనిషికి 500–700 గ్రాముల లెక్కన. పదికిలోల పక్షి జోలికి పోవద్దు, ఇరవైమంది వస్తే రెండు చిన్నవి తెచ్చుకోవడం మేలు. గడ్డకట్టిన పక్షి ఫ్రిజ్‌లో కరగడానికి రెండు కిలోలకి ఒక రోజు పడుతుంది, ఆరు కిలోలకి మూడు రోజులు. కింది అరలో, అంచులున్న ట్రేలో పెట్టాలి, నీరు కారుతుంది కాబట్టి. మంగళవారం రాత్రి గుర్తొచ్చి సింకులో వేడినీళ్ళు పడితే పైపొర ఉడికినట్టయి లోపల రాయిలాగే ఉంటుంది. ఆలస్యమైతే ప్లాస్టిక్ కవరు విప్పకుండా చన్నీళ్ళలో ముంచి, అరగంటకోసారి నీళ్ళు మార్చాలి. అరకిలోకి అరగంట చొప్పున ఆరు కిలోలకి ఆరు, ఆరున్నర గంటలు.

కరిగాక లోపల చెయ్యిపెట్టి పొట్లం తియ్యాలి. మెడ, గుండె, కందనకాయ, కార్జం ఒక సంచిలో పెట్టి కడుపులో కుక్కి ఉంటాయి, ఒక్కోసారి మెడ వైపు తోలు కింద దాక్కుంటాయి. రెండు వైపులా చూసుకోవాలి. ప్లాస్టిక్ సంచితో సహా అవెన్‌లో పెట్టేవాళ్ళు ఏటా ఉంటారు. టర్కీలమ్మే బటర్‌బాల్ కంపెనీ 1981 నుంచి టర్కీ సందేహాలు తీర్చడానికి ప్రత్యేకంగా ఫోన్ లైను నడుపుతోందంటే ఊరికే కాదు.

కడగొద్దు. ఇది మనవాళ్ళకి మింగుడుపడదు. ఉప్పు, పసుపు వేసి నాలుగు నీళ్ళు కడగనిదే మాంసం శుభ్రమైనట్టు అనిపించదు మనకి. కానీ సింకులో ఆరు కిలోల పక్షిని కడిగితే ఆ తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీద, గిన్నెల మీద పడతాయి, సాల్మొనెల్లా క్రిమి వంటిల్లంతా తిరుగుతుంది. క్రిములు చచ్చేది అవెన్ వేడికే తప్ప కుళాయి నీళ్ళకి కాదు. పైగా తోలు తడిస్తే రంగు రాదు. పేపర్ టవల్స్‌తో గట్టిగా అద్ది తడి పీల్చెయ్యడమే.

బుధవారం ఉదయం బోర్లా పెట్టి, వంటింటి కత్తెరతో వెన్నెముకకి రెండు పక్కలా తోక దగ్గర్నుంచి మెడ దాకా కత్తిరించాలి. తొడ కలిసే చోట ఎముక అడ్డొస్తుంది, కొంచెం పక్కకి జరిపి మళ్ళీ నొక్కితే తెగుతుంది. తిరగేసి, రెండు అరచేతులూ రొమ్ము ఎముక మీద పెట్టి బరువు వేస్తే టక్కుమని చప్పుడొచ్చి పక్షి బల్లపరుపుగా పడుకుంటుంది. తీసిన వెన్నెముక పారేయొద్దు, గ్రేవీకి అదే ప్రాణం.

ఉప్పు తూకం వేసే వెయ్యాలి. పక్షి బరువులో ఒక శాతం: ఆరు కిలోలకి 60 గ్రాములు. చెంచాల లెక్క ఇక్కడ ముంచుతుంది, ఎందుకంటే మామూలు మెత్తటి ఉప్పు పెద్దచెంచాడు 18 గ్రాములు తూగితే, డైమండ్ క్రిస్టల్ అనే కోషర్ ఉప్పు అదే చెంచాడు అందులో సగమే తూగుతుంది. వంటకంలో రాసింది ఒక ఉప్పు, మన డబ్బాలో ఉన్నది ఇంకో ఉప్పు అయితే సగానికి సగం తేడా. ఇంకో మెలిక: చౌకగా దొరికే గడ్డకట్టిన టర్కీల్లో చాలావాటికి ముందే ఉప్పునీళ్ళు ఎక్కించి ఉంటారు, చీటీ మీద ఇన్ని శాతం ద్రావణం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఉంటే ఉప్పు సగానికన్నా తగ్గించాలి. పట్టించిన ఉప్పు ముందు నీటిని బయటికి లాగుతుంది, తర్వాత ఆ నీటితో పాటే లోపలికి ఇంకి కండలోని ప్రోటీన్లని కొంత కరిగిస్తుంది. అలా కరిగిన కండ వేడికి తక్కువ ముడుచుకుంటుంది, నీరు పట్టి ఉంచుతుంది. ఇరవైనాలుగు గంటలు ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టాలి. తోలు ఆరి చర్మపు కాగితంలా అవుతుంది, అదే కావాలి.

గురువారం: 230 డిగ్రీల అవెన్, ఫారన్‌హీట్‌లో 450. అంచుల ట్రేలో ఉల్లి, క్యారెట్, సెలరీ ముక్కలు, రెండు కప్పుల నీళ్ళు, పైన జాలీ, దాని మీద పక్షి, తోలుకి కాస్త నూనె. కింద నీళ్ళు లేకపోతే కారిన కొవ్వు మాడి పొగలొస్తాయి, ఇంట్లో పొగ అలారం మోగుతుంది. ఆరు కిలోలకి ఎనభై తొంభై నిమిషాలు. కానీ గడియారాన్ని నమ్మొద్దు, ఎముకకి తగలకుండా రొమ్ము మందమైన చోట థర్మామీటరు గుచ్చాలి. 68–70 రాగానే బయటికి తియ్యాలి, బయట పెట్టాక కూడా లోపలి వేడి ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కుతుంది. తొడ అప్పటికి 80 చేరి ఉంటుంది, ఎందుకంటే పరిచిన పక్షిలో తొడలూ వేడికి ఎదురుగానే ఉన్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే భద్రమైన అంకె 74, విశ్రాంతిలో అక్కడికి చేరిందో లేదో మళ్ళీ గుచ్చి చూసుకోవాలి. పక్షికి గుచ్చి అమ్మే ప్లాస్టిక్ మేకు ఒకటుంటుంది, ఉడికితే పైకి లేస్తుందని. చాలావరకు అది లేచేసరికి రొమ్ము పని అయిపోయి ఉంటుంది.

అరగంట ఆగి కొయ్యాలి. రొమ్ముని ఎముక మీదే ఉంచి నిలువుగా చెక్కులు తీస్తే పీచు పొడవుగా వస్తుంది, ఎంత బాగా ఉడికినా పంటికి అడ్డం పడుతుంది. రొమ్ము మొత్తాన్ని ఎముక నుంచి విడదీసి, బల్ల మీద పెట్టి, పీచుకి అడ్డంగా సెంటీమీటరు మందాన కొయ్యాలి. ఇంత చిన్న మార్పుకి అంత తేడా ఉంటుందా అనిపిస్తుంది. ఉంటుంది.

(నూనెలో ముంచి వేయించే పద్ధతి గురించి ఒక్క మాట. లోపల మంచు మిగిలిన పక్షిని కాగిన నూనెలో దింపితే నీరు ఒక్కసారిగా ఆవిరై నూనెని ఎగజిమ్ముతుంది, కింద మంట అంటుకుంటుంది. అమెరికా ఇళ్ళలో వంట వల్ల జరిగే అగ్నిప్రమాదాలకి ఏడాది మొత్తమ్మీద ఈ గురువారమే మొదటి స్థానం.)

ఇప్పుడు మసాలా టర్కీ. అమెరికా తెలుగు ఇళ్ళలో, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌కి ఇది దాదాపు తప్పనిసరైంది: పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా ముద్ద దట్టంగా పట్టించి రాత్రంతా నానబెట్టిన పక్షి. ఉద్దేశం మంచిదే, భౌతికశాస్త్రం ఒప్పుకోదు. మాంసంలోకి లోతుగా ఇంకేది ఉప్పు ఒక్కటే. కారం, ధనియాలు, గరం మసాలా ఎంతసేపు నానినా పైన కొన్ని మిల్లీమీటర్లే దాటుతాయి. తందూరీ చికెన్‌కి అది చాలు, ఎందుకంటే అది కిలోకి తక్కువ కోడి, తోలు తీసింది, లోతుగా గాట్లు పెట్టింది, తందూరులో కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆరు కిలోల టర్కీ రొమ్ము అంతకన్నా చాలా మందం. పైన ముద్దలోని పెరుగు ముందు తోలుని ఉడకబెడుతుంది, నీరు ఆరాక కారం నల్లగా మాడి చేదెక్కుతుంది, కోస్తే లోపల అదే తెల్లటి మాంసం. ఎర్రటి అంచు, చప్పటి నడుమ.

పైగా అన్నానికే మసాలా పట్టించాక పులుసు దేనికి, పచ్చడి దేనికి? మసాలా టర్కీ పక్కన గ్రేవీ, క్రాన్‌బెర్రీ రెండూ వెలవెలబోతాయి. కారం కావాలంటే పక్షికి కాదు, పక్కవాటికి వెయ్యాలి.

గ్రేవీ బుధవారమే సగం అయిపోవాలి. వెన్నెముక, మెడ, గుండె, కందనకాయ నూనెలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, ఉల్లిపాయ, సెలరీ, నాలుగు మిరియాలు, లీటరున్నర నీళ్ళతో ప్రెషర్ కుక్కర్‌లో ముప్పావుగంట. కార్జం వెయ్యొద్దు, చేదు తెస్తుంది. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి జెల్లీలా గట్టిపడుతుంది. గురువారం పక్షి విశ్రాంతి తీసుకునే అరగంటలో ట్రేలోని కొవ్వు నాలుగు పెద్దచెంచాలు, మైదా నాలుగు పెద్దచెంచాలు సన్నటి సెగ మీద వేయించాలి. పచ్చివాసన పోయి వేయించిన సెనగపిండి రంగుకి వచ్చాక, వడకట్టిన ఆ రసం, అంటే స్టాకు, ముప్పావు లీటరు గరిటెడు గరిటెడుగా పోస్తూ కలపాలి. ఒక్కసారి పోస్తే మైదా ఉండ పైపొర ఉడికిపోయి లోపలికి నీరు వెళ్ళనివ్వదు, మజ్జిగపులుసులో సెనగపిండి ఉండలు కట్టే తీరే. కట్టినా భయం లేదు, జల్లెడలో వడకట్టెయ్యొచ్చు. ట్రేలో కారిన రసం ఉప్పగా ఉంటుంది కాబట్టి ఉప్పు ఆఖర్న చూసుకుని. దంచిన మిరియాలు మాత్రం ధారాళంగా వేసుకోవచ్చు, దీంట్లో కారానికి అభ్యంతరం లేదు.

ఇక క్రాన్‌బెర్రీ. ఈ పళ్ళెంలో తెలుగు నాలుకకి అన్నిటికన్నా దగ్గరిది ఇదే. వాక్కాయ తెలిసినవాళ్ళకి పరిచయం అక్కర్లేదు: ఎర్రటి చిన్న కాయ, పులుపు, వెనక కాస్త వగరు. అమెరికాలో విస్కాన్సిన్, మసాచుసెట్స్‌ల చిత్తడి మడుల్లో పండుతుంది. కోతకి మడిని నీళ్ళతో నింపుతారు, లోపల గాలి గదులున్న కాయలు పైకి తేలుతాయి. వాళ్ళ సాస్ చాలా తేలిక: 340 గ్రాముల సంచి ఒకటి, కప్పు పంచదార, కప్పు నీళ్ళు, కాయలు చిట్లేదాకా పది నిమిషాలు. కాయలోని పెక్టిన్ అనే జిగురు వల్ల చల్లారాక దానంతటదే గట్టిపడుతుంది. పొయ్యిమీద పలచగా ఉందని ఇంకో ఇరవై నిమిషాలు ఉడికిస్తే పెక్టిన్ విరిగిపోయి మళ్ళీ గడ్డకట్టదు, చేదొస్తుంది.

పచ్చడికి అదే సంచి. కాయలు కడిగి, గుడ్డమీద పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే నూనెలో పేలి చేతిమీద చిందుతాయి. అరకప్పు నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు తాలింపు, తర్వాత కాయలు, పసుపు, ఒకటిన్నర పెద్దచెంచాల ఉప్పు. మూతపెట్టి ఐదారు నిమిషాలు, కాయలు సగం చిట్లి సగం నిలవాలి. దింపి చల్లార్చాక మూడు పెద్దచెంచాల కారం, చెంచాడు ఆవపొడి, అరచెంచా మెంతిపొడి, చిన్న బెల్లం ముక్క. పొయ్యి మీద ఉండగానే ఆవపొడి వేస్తే చేదెక్కుతుంది. ఈ కాయ వగరుకి బెల్లం తప్పనిసరి, వాక్కాయకి లేని అవసరం ఇది. వాక్కాయలా కోసి గింజలు తీసే పని మాత్రం తప్పుతుంది. ఫ్రిజ్‌లో నెల నిలవుంటుంది. గ్రేవీలో తడిసిన టర్కీ ముక్క మీద ఇది చిటికెడు పెట్టుకు చూస్తే, ఆ పళ్ళెం ఎందుకలా ఉందో నాలుక చెప్తుంది.

మాంసం తిననివాళ్ళకి పప్పు. గ్లాసు కందిపప్పుకి 100 గ్రాముల క్రాన్‌బెర్రీ, నాలుగు పచ్చిమిరప. కాయల్ని పప్పుతో కలిపి కుక్కర్‌లో పెడితే పులుపుకి పప్పు బిరుసెక్కి ఉడకదు. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకదని తెలిసినవాళ్ళు కూడా ఇక్కడ ఏమరుపాటు పడతారు. విడిగా ఆరేడు నిమిషాలు ఉడికించి, మెదిపిన పప్పులో కలిపి, వెల్లుల్లి తాలింపు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్టఫింగ్ అంటే నిజానికి బ్రెడ్ ఉప్మా: అరకిలో బ్రెడ్డు ముక్కలు, 115 గ్రాముల వెన్న, ఉల్లి, సెలరీ, సేజ్ ఆకు, రెండున్నర కప్పుల స్టాకు, రెండు గుడ్లు, 180 డిగ్రీల్లో ముప్పావుగంట. బ్రెడ్డు ముందే ఎండబెట్టకపోతే జావైపోతుంది. పక్షి కడుపులో కూరొద్దు, దాని నడుమ భాగం 74 చేరేసరికి రొమ్ము ఎండిపోతుంది. దక్షిణాది రాష్ట్రాల్లో బ్రెడ్డు బదులు మొక్కజొన్న రొట్టె పొడి చేస్తారు, నా ఓటు దానికే. బంగాళాదుంపల్ని మిక్సీలో వెయ్యొద్దు, పిండి కణాలు పగిలి జిగురైపోతుంది, పప్పుగుత్తి చాలు.

గుమ్మడి పై ఇండియాలోనూ చేసుకోవచ్చు, అదీ డబ్బా లేకుండా. లిబ్బీస్ డబ్బాలోది డికిన్సన్ అనే రకం, మన తీపి గుమ్మడి జాతే. కిలో ముక్క తొక్కతోనే అవెన్‌లో కాల్చి, గుజ్జు తీసి, పలచటి గుడ్డలో అరగంట వేలాడదియ్యాలి. ఈ నీరు పోకపోతే పై డొప్ప అడుగు నానిపోయి ఊడిపోతుంది. 425 గ్రాముల గుజ్జు, 150 గ్రాముల పంచదార, రెండు గుడ్లు, చెంచాడు దాల్చిన చెక్క పొడి, అరచెంచా శొంఠి, పావుచెంచా లవంగం పొడి, అరచెంచా ఉప్పు. నీరు ఇగిర్చిన పాల డబ్బా బదులు ముప్పావు లీటరు చిక్కటి పాలు సగానికి మరిగించి వాడొచ్చు. మొదట పావుగంట 220 డిగ్రీలు, తర్వాత 175లో నలభై యాభై నిమిషాలు. అంచులు గట్టిపడి నడుమ ఇంకా జున్నులా వణుకుతున్నప్పుడే తియ్యాలి. నడుమ కూడా గట్టిపడేదాకా ఉంచితే గుడ్డు బిగుసుకుని పైన పగుళ్ళొస్తాయి.

భోజనాలయ్యాక రెండు గంటల్లోపు మాంసమంతా ఎముకల నుంచి తీసి, వెడల్పాటి డబ్బాల్లో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి. పక్షిని ఉన్నపళంగా అలాగే ట్రేతో ఫ్రిజ్‌లోకి తోస్తే నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండి పాడవుతుంది. మూడు నాలుగు రోజులు నిలవుంటుంది. ఎముకలు కుక్కర్‌లోకి, శుక్రవారం చారుకి.

మసాలాకి వేళ ఆ శుక్రవారమే. తొడ మాంసం అరకిలో చేత్తో చీల్చి పక్కన పెట్టుకుని, మూడు పెద్దచెంచాల నూనెలో రెండు ఉల్లిపాయలు, రెండు రెబ్బల కరివేపాకు, పెద్దచెంచాడు అల్లంవెల్లుల్లి, ఒకటిన్నర చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, చెంచాడు మిరియాల పొడి వేసి, పావుకప్పు స్టాకు పోసి నూనె తేలేదాకా మగ్గించాలి. ఉప్పు వెయ్యొద్దు, మాంసానికి బుధవారమే పట్టింది. మసాలా పూర్తిగా వేగాకే మాంసం వెయ్యాలి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు తిప్పి దింపెయ్యాలి. మూడో నిమిషం నుంచి మళ్ళీ పీచే.